వంటింట్లో పుట్టింది, చెవిలో చేరింది

శంషాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు విమానం చప్పుడు కొత్తేమీ కాదు. 2008 మార్చి 23న విమానాల రాకపోకలు బేగంపేట నుంచి ఇక్కడికి మారాయి. అప్పటి నుంచి మా కాలనీ ఆడవాళ్లకు ఒక అలవాటైంది. పైన విమానం వెళ్తుంటే మాట మధ్యలో ఆపేస్తాం, అది దాటిపోగానే ఆపిన చోట నుంచే మళ్లీ అందుకుంటాం.

ఈసారి విమానం ఎక్కినప్పుడు కిటికీలోంచి ఒకసారి చూడండి. కింద విమానానికి దారి చూపించే మనిషి చెవులకు రెండు పెద్ద డిప్పలు పెట్టుకుని ఉంటాడు. అవి ఇంజను హోరు నుంచి చెవులు పాడవకుండా కాపాడేవి. లోపల పైలట్ తలకూ అలాంటివే ఉంటాయి, కానీ వాటిలోంచి కంట్రోల్ టవర్ మాటలు వినిపిస్తాయి. మీ పక్క సీట్లో కూర్చున్న అబ్బాయి చెవులకూ అవే. అతను ఇంజను హోరు వినపడకుండా పాటలు వింటున్నాడు, మీరు పలకరించినా అతనికి తెలియదు.

చూడ్డానికి మూడూ ఒకేలా ఉన్నా చేసే పనులు వేరు. హెడ్‌ఫోన్ల చరిత్ర చదువుతుంటే నాకు తట్టిన సంగతి ఇదే. ఈ వస్తువు పుట్టిన మొదటి యాభై ఏళ్లలో ఎక్కువగా పనికొచ్చింది ఎదుటి మనిషి మాట వినడానికే. ఆ వినే పని చేసినవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు.

ఆపరేటరమ్మల కాలం

1876లో గ్రాహంబెల్ టెలిఫోన్ వచ్చాక ఒకరి ఫోన్‌ను ఇంకొకరి ఫోన్‌తో కలపడానికి ఎక్స్ఛేంజిలో మనుషులు కావాల్సి వచ్చారు. మొదట్లో కుర్రాళ్లను పెట్టారు. వాళ్లు ఫోన్ చేసినవాళ్లతో అల్లరిగా, దురుసుగా మాట్లాడేవారట. దాంతో 1878లో అమెరికాలోని బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే అమ్మాయిని తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరు ఆవిడే. ఆ తర్వాత కొన్నేళ్లలోనే అది ఆడవాళ్ల ఉద్యోగమైపోయింది.

ఆపరేటరుకు రెండు చేతులూ పనిలో ఉండాలి, తీగలు తీసి గుచ్చుతూ ఉండాలి. రిసీవర్ పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది? 1880ల్లో ఎజ్రా గిల్లిలాండ్ అనే ఆయన భుజాల మీద మోసే పరికరం ఒకటి తయారుచేశాడు. ఒక చెవికి వినే గొట్టం, నోటి ముందు మాట్లాడే గొట్టం. బరువు నాలుగైదు కిలోలు! చంటిపిల్లను రోజంతా భుజాన వేసుకుని ఉద్యోగం చేసినట్టే. 1891లో ఫ్రాన్స్‌లో ఎర్నెస్ట్ మెర్కాడియే అనే ఇంజనీరు చెవి లోపల ఇమిడే చిన్న రిసీవర్లకు పేటెంటు తీసుకున్నాడు. వాటి బరువు సుమారు 50 గ్రాములే, చెవికి ఒరుసుకోకుండా రబ్బరు తొడుగు కూడా ఉండేది. ఇప్పుడు మన పిల్లలు పెట్టుకునే ఇయర్‌ఫోన్లకు ముత్తాత అదే అనుకోవచ్చు.

మా పెద్దమ్మ హైదరాబాద్‌లో ట్రంకు ఎక్స్ఛేంజి ఆపరేటరుగా చేసింది. మన దేశంలో ఆపరేటరు అవసరం లేకుండా ఊరి నుంచి ఊరికి నేరుగా ఫోన్ కలిసే ఎస్టీడీ 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. అన్ని ఊళ్లకూ పాకడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా దూరపు ఫోన్లన్నీ పెద్దమ్మలాంటివాళ్ల చెవుల మీదుగానే వెళ్లేవి. లైను సరిగా లేకపోతే, "అమ్మాయి పుట్టిందట, తల్లీబిడ్డా క్షేమమట" అని ఇటువాళ్లకు తనే అందించేదట. చావు కబురైతే మాత్రం తన నోటితో చెప్పేది కాదు. ఎంత కష్టమైనా లైను కలిపి, వాళ్లతో వాళ్లనే మాట్లాడించేది. ఎనిమిది గంటలు ఊరివాళ్ల మాటలు విని ఇంటికొచ్చాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదని మా అమ్మ చెప్పేది. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ ఆవిడను పలకరించేవారు కాదు.

వంటింటి నుంచి నౌకాదళానికి

రెండు చెవులకూ సరిపోయి, సన్నటి శబ్దాన్ని కూడా స్పష్టంగా వినిపించే హెడ్‌ఫోన్లు అమెరికాలోని యూటా రాష్ట్రంలో తయారయ్యాయి. నేథనియల్ బాల్డ్‌విన్ అనే ఆయన వాటిని తన వంటింట్లో కూర్చుని చేశాడు. 1910లో ఒక జత అమెరికా నౌకాదళానికి పంపాడు. దాంతోపాటు ఊదారంగు సిరాతో రాసిన ఉత్తరం. ఇదేదో వేళాకోళం అనుకోకుండా అధికారులు దాన్ని పరీక్షించి చూశారు. అప్పటిదాకా తాము వాడుతున్నవాటి కన్నా ఎంతో మెరుగ్గా వినిపించింది. వెంటనే ఇంకా కావాలన్నారు. ఒక్కసారికి పది మాత్రమే ఇవ్వగలనన్నాడట ఆయన. ఉన్నది ఒక వంటిల్లు, అందులో ఎన్నని చేస్తాడు! వంటింటి గట్టు మీద పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టిన మన ఆడవాళ్లకు ఆ ఇబ్బంది బాగా తెలుసు.

ఇందులో ఉన్న కీలకం చెప్పడం కష్టమేమీ కాదు. తబలా మీది చర్మంలా ఒక పల్చటి పొర ఉంటుంది. దాని వెనక సన్నటి రాగి తీగ చుట్ట, పక్కన అయస్కాంతం. పాట కరెంటు రూపంలో తీగలోకి వచ్చినప్పుడు అయస్కాంతం ప్రభావంతో ఆ చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది. దానితోపాటు పొర అదిరి గాలిని కదిలిస్తుంది. ఆ గాలి అలలే మన చెవికి పాటగా వినిపిస్తాయి. బాల్డ్‌విన్ నాటి పరికరంలో తీగ, పొరల అమరిక కొంచెం వేరు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఈ పద్ధతిలో తొలి హెడ్‌ఫోన్లు 1937లో జర్మనీలోని బేయర్ కంపెనీ నుంచి వచ్చాయి.

రేడియో తొలి రోజుల్లో కరెంటు అక్కర్లేని చిన్న క్రిస్టల్ సెట్లు ఉండేవి. అందులో వచ్చే శబ్దం ఎంత సన్నగా ఉంటుందంటే హెడ్‌ఫోన్లు లేకపోతే వినపడదు. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 1924లో ప్రసారాలు మొదలుపెట్టింది ఆ కాలంలోనే. హెడ్‌ఫోన్లు ఒక్క జతే ఉంటే ఇంటిల్లిపాదీ వినేదెలా? పాశ్చాత్య దేశాల్లో దీనికో కిటుకు కనిపెట్టారు. హెడ్‌ఫోన్లను ఒక పింగాణీ గిన్నెలో పెట్టేవారు. గిన్నెలో శబ్దం మారుమోగి చుట్టూ కూర్చున్నవాళ్లకు వినిపించేది.

బేగంపేట మీద ఒక ఆడపిల్ల

విమానాశ్రయం మన శంషాబాద్‌కు రాకముందు బేగంపేటలో ఉండేది కదా. నిజాం కాలంలో దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు అక్కడి నుంచే ఎగిరేవి. మన దేశపు మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ పనిచేసింది ఆ సంస్థలోనే. ఆమె 1947లో లైసెన్సు తెచ్చుకుంది. ఎనిమిది సంస్థలు ఆడపిల్లకు ఉద్యోగమివ్వమన్నాక హైదరాబాద్ వాళ్లు ఇచ్చారు. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. అయినా పక్కన కూర్చునే కో-పైలట్‌గానే ఉంచి, విమానాన్ని పూర్తిగా ఆమె చేతికివ్వలేదు. ఆ రోజుల డకోటా విమానాల్లో ఇంజన్ల రొద మామూలుగా ఉండేది కాదు. ఆ రొదలో కింది నుంచి వచ్చే మాట వినడానికి హెడ్‌ఫోన్లే ఆధారం. అందులో వచ్చే మాట తప్పుగా వింటే ప్రాణాలే పోతాయి.

మోరిటా గారి భార్య కోపం

హెడ్‌ఫోన్లు పాటల దారి పట్టింది ఆ తర్వాతే. 1958లో అమెరికాలో జాన్ కాస్ సంగీతం కోసమే స్టీరియో హెడ్‌ఫోన్లు తెచ్చాడు. 1979 జూలై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ వచ్చింది. సోనీ స్థాపకుల్లో ఒకరైన అకియో మోరిటా తన ఆత్మకథలో ఒక సంగతి చెప్పుకున్నాడు. వాక్‌మన్ నమూనాను ఇంటికి తెచ్చి వింటుంటే ఆయన భార్యకు కోపం వచ్చిందట. పక్కనే కూర్చుని తనను బయటికి నెట్టేసినట్టు అనిపించిందట ఆవిడకు. అందుకే మొదటి వాక్‌మన్‌కు రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఏర్పాటు చేశారు. ఒక మీట కూడా ఉండేది. అది నొక్కితే పాట తగ్గి పక్కవాళ్ల మాట వినిపిస్తుంది. కొన్నేళ్లకు ఆ రెండూ తీసేశారు. జనం ఎవరి పాట వాళ్లే వినడానికి ఇష్టపడ్డారు మరి.

మన దగ్గరికి వాక్‌మన్లు ఎక్కువగా దుబాయి నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లో వచ్చాయి. నేను చదువుకునే రోజుల్లో వీధిలో ఒకరికి ఉంటే, తలా ఒక చెవికి పెట్టుకుని ఇద్దరం పక్కపక్కనే కూర్చుని వినేవాళ్లం.

ఇక విమానంలో అబ్బాయి పెట్టుకున్నవాటి సంగతి. 1978లో అమర్ బోస్ అనే ప్రొఫెసరు జూరిచ్ నుంచి బోస్టన్‌కు విమానంలో వెళ్తున్నాడు. ఆయన తండ్రి కలకత్తా నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడు. విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో ఇంజను హోరు తప్ప సంగీతం వినిపించలేదు. ఆ ప్రయాణంలోనే కాగితం మీద లెక్కలు వేశాడు. ధ్వని అంటే పైకీ కిందికీ లేచే అల. బయటి అల పైకి లేచినప్పుడు సరిగ్గా అంతే కిందికి దిగే అలను లోపల పుట్టిస్తే రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఈ పద్ధతితో ఆయన కంపెనీ 1989లో పైలట్లకు హెడ్‌సెట్లు తయారుచేసింది. 2000లో ప్రయాణికులకూ అందించింది. ఇవి ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఇంజను లాంటి ఒకే తీరు రొదను బాగా అణుస్తాయి. కుక్కర్ విజిల్‌లాంటి ఉన్నట్టుండి వచ్చే శబ్దాలను అంతగా ఆపలేవు. కానీ చెవిని పూర్తిగా మూసేసి, పైన పాట కూడా ఉంటే, అవీ వినపడవు.

ఇప్పుడు మన ఇళ్లల్లో

వినే ఉద్యోగం మాత్రం పోలేదు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ సేవ మన హైదరాబాద్‌లోనే మొదలైంది. మనం ఆ నంబరుకు చేసినప్పుడు అవతల హెడ్‌సెట్ పెట్టుకున్న ఒక మనిషి మన ఏడుపులోంచి ఊరి పేరు, వీధి పేరు ఏరుకుంటుంది. మా అమ్మాయిదీ అలాంటి పనే, కాకపోతే కస్టమర్ల ఫిర్యాదులు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే ఇంటికొచ్చి చెవులు గుయ్యిమంటున్నాయంటుంది. అప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చి, కాఫీ గ్లాసు అక్కడ పెట్టి మాట్లాడకుండా వచ్చేస్తాను.

మిగతావాళ్ల సంగతి వేరు. హాల్లో నలుగురుంటాం, నాలుగు చెవుల్లో నాలుగు పాటలు. మా అత్తమ్మకు డెబ్బై నాలుగేళ్లు, వినికిడి మిషన్ పెట్టుకుంటుంది. అది కూడా హెడ్‌ఫోన్ చుట్టమే. చిన్న మైకు, శబ్దం పెంచే పరికరం, చిన్న స్పీకరు. ఆవిడ మా మాటలు వినడానికి ఒకటి పెట్టుకుంటే, పిల్లలు ఎవరి మాటా వినపడకుండా ఇంకొకటి పెట్టుకుంటున్నారు. పోయిన వానాకాలం నేను కూరగాయలకు వెళ్లినప్పుడు ఆవిడకు బాత్రూంలో కళ్లు తిరిగాయి. మా అబ్బాయి పక్క గదిలోనే ఉన్నాడు, ఆన్‌లైన్ క్లాసులో, రెండు చెవులూ మూసుకుని. నానమ్మ పిలుపు గోడ అవతల అంట్లు తోముతున్న పనమ్మాయికి వినిపించింది. దెబ్బ పెద్దగా తగల్లేదు కానీ ఆ పూట అబ్బాయి అన్నం తినలేదు.

తర్వాత అందరం కూర్చుని కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఇంట్లో పెద్దావిడ ఒక్కతే ఉన్నప్పుడు, పొయ్యి వెలుగుతున్నప్పుడు, రోడ్డు మీద నడిచేటప్పుడు ఒక చెవికే. పాట పెట్టుకున్నా పక్కన మామూలుగా మాట్లాడితే వినపడాలి, వినపడకపోతే సౌండు ఎక్కువైనట్టు. దీనికి కారణం కూడా పిల్లలకు చెప్పాను. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అదే 90కి పెంచితే వారానికి 4 గంటలే. చెవి లోపలి సన్నటి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. చెవిలో పెట్టుకునేవి ఒకరివి ఒకరు వాడకూడదు, వారానికోసారి పొడిబట్టతో తుడవాలి.

మా అబ్బాయి ఇంకో పని కూడా చేశాడు. సాయంత్రాలు నానమ్మకు ఇష్టమైన పాత పాటలు ఫోన్లో పెడుతున్నాడు. మిషన్ తీసి హెడ్‌ఫోన్లు పెట్టుకోమంటే ఆవిడకు నచ్చలేదు, తలకు బరువంటుంది. అప్పుడు నేను ఆ పింగాణీ గిన్నె కథ చెప్పాను. ఇప్పుడు మా స్టీలు గిన్నెల్లో ఒకటి వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసింది. ఫోన్ అందులో నిలబెడితే పాట హాలంతా వినిపిస్తోంది. పైన విమానం వెళ్తే మాత్రం అబ్బాయి పాట ఆపుతాడు, అది దాటిపోయాక మళ్లీ పెడతాడు.