వర్ణన అక్కరలేని మొక్క

నికొలస్ కల్పెపర్ మూలికల పుస్తకాన్ని పదిహేనేళ్ల క్రితం ఇంగ్లండులో ఒక పాతపుస్తకాల దుకాణంలో కొన్నాను. కొని అలమరలో పెట్టి మరచిపోయాను. గ్రహాలను లెక్కగట్టి మందులిచ్చిన పదిహేడో శతాబ్దపు మనిషితో ఆసుపత్రి వైద్యుడికి ఏం పని అనుకున్నాను. పోయిన వేసవిలో పెరట్లో వేసిన పార్స్లీ గురించి ఏదో తెలుసుకోవాలనిపించి ఆ పుస్తకాన్ని దించాను.

ప్రతి మొక్కకూ కల్పెపర్ ఒక క్రమం పాటిస్తాడు. ముందు దాని వర్ణన, తరవాత అది పెరిగే చోటు, పూచే కాలం, ఆపైన దాన్ని ఏలే గ్రహం, దాని గుణాలు. కంచెల వెంబడి పెరిగే కలుపు మొక్కలకు సైతం ఆకు అంచుల దగ్గర నుంచి వేరు రంగు దాకా ఓపికగా వర్ణన ఇచ్చాడు. పార్స్లీ దగ్గరికి వచ్చేసరికి వర్ణన లేదు. అందరికీ తెలిసిన మొక్క కనుక వర్ణించనక్కరలేదని ఒక్క ముక్కలో తేల్చేశాడు. సేజ్ దగ్గరా అదే మాట, రోజ్‌మేరీ దగ్గరా అదే మాట, థైమ్ దగ్గరా అదే. వంటింటి వెనక పెరిగే మొక్కలు వచ్చినప్పుడల్లా పుస్తకంలో ఒక ఖాళీ కనబడింది. నన్ను పుస్తకం మొత్తం చదివించింది ఆ ఖాళీయే.

ఆ మనిషిని అర్థం చేసుకోవాలంటే ఆనాటి లండన్‌లో వైద్యం ఎవరి చేతిలో ఉండేదో తెలియాలి. 1518లో ఎనిమిదో హెన్రీ ఆజ్ఞతో వైద్యుల కాలేజీ ఏర్పడింది. లండన్ నగరంలోనూ, దాని చుట్టూ ఏడు మైళ్ల మేరా ఎవరు వైద్యం చేయవచ్చో, ఎవరు చేయరాదో నిర్ణయించేది ఆ కాలేజీయే. దాని భాష లాటిన్. మందులు నూరి, కాచి, అమ్మే అపోతికరీలు వీళ్ల కింద ఉండేవారు. 1617 దాకా ఈ అపోతికరీలకు ప్రత్యేకమైన సంఘం కూడా లేదు. సుగంధ ద్రవ్యాలు అమ్మే వర్తకుల సంఘంలోనే వాళ్లూ సభ్యులు. ఇది చదివి నాకు నవ్వు వచ్చింది. మా ఊరి పచారీ కొట్టులో కందిపప్పు పక్కనే శొంఠి, పిప్పళ్లు, వాము, కరక్కాయ ఉండేవి. వంటకూ వైద్యానికీ ఒకే తక్కెడ. లండన్‌లో ఆ రెండు తక్కెళ్లూ విడిపోయిన సంవత్సరం మాత్రం తారీకుతో సహా నమోదై ఉంది.

మరుసటి ఏడాది, 1618లో, కాలేజీ తన ఔషధ గ్రంథాన్ని లాటిన్‌లో వెలువరించింది. ఇంగ్లండులోని అపోతికరీలందరూ దాని ప్రకారమే మందులు చేయాలని రాజు శాసించాడు. అందులో ముత్యాలు ఉన్నాయి, ఒంటికొమ్ము గుర్రం కొమ్ము ఉంది, అరవైకి పైగా దినుసులతో చేసే లేహ్యాలు ఉన్నాయి. కూలి మనిషికి అందేవి కావవి. పేదలకు ఉన్న ఆధారమల్లా పెరడూ, ఇంటి ఆడవాళ్ల చేతివైద్యమూ. వాళ్లకు చట్టంలో కొంత చోటు కూడా ఉంది. మొక్కల గుణాలు తెలిసినవాళ్లు పుండ్లకూ వాపులకూ మందిస్తే వాళ్లను వేధించరాదని 1543లో ఒక చట్టం వచ్చింది. దానికి వైద్యులు పెట్టుకున్న ఎగతాళి పేరు నాటువైద్యుల శాసనం.

ఇక ఆ పెరడు ఎలా ఉండేదో చెప్పే పుస్తకాలు రెండు చూశాను. గెర్వేస్ మార్కమ్ 1615లో రాసిన ‘ది ఇంగ్లిష్ హౌస్‌వైఫ్’ ఇల్లాలికి కావలసిన విద్యల్లో మొదట వైద్యాన్ని చెబుతుంది. వంట ఆ తరవాతే. ఆ వంట అధ్యాయం కూడా పొయ్యి దగ్గర మొదలు కాదు. ఏ నెలలో, చంద్రుడు ఏ దశలో ఉండగా ఏ ఆకు విత్తాలో తెలియడంతో మొదలవుతుంది. విత్తడం రానివాళ్లకు వండడం రాదని దాని అభిప్రాయం. జాన్ పార్కిన్‌సన్ 1629లో వెలువరించిన తోటల గ్రంథంలో పూలతోట, కూరతోట, పండ్లతోట అని మూడు భాగాలున్నాయి. క్యాబేజీ, ఉల్లి వాసనలు ఇంటి ముందు గదుల్లోకి రాకుండా కూరతోటను ఇంటికి ఓ పక్కగా వేసుకోమని ఆయన సలహా. దొడ్డి ఇంటి వెనక ఉండడానికి మన వాళ్లు చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి.

కల్పెపర్ ఈ లోకంలో 1616లో పుట్టాడు. తండ్రి చర్చి పూజారి, కొడుకు పుట్టకముందే పోయాడు. తాతగారింట పెరిగాడు. కేంబ్రిడ్జిలో చదువు మధ్యలో వదిలేసి లండన్ వచ్చి ఒక అపోతికరీ దగ్గర పనికి కుదిరాడు. అదీ పూర్తిచేయలేదు. భార్య తెచ్చిన ఆస్తితో నగరపు గోడలకు వెలుపల, స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఇల్లు కట్టుకుని పేదలకు మందివ్వడం మొదలుపెట్టాడు. ఒక్క ఉదయంలో 40 మందిని చూసేవాడంటారు. ఓపీలో కూర్చున్నవాడిగా ఆ అంకె బరువు నాకు తెలుసు. అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షాన పోరాడి ఛాతీకి తుపాకి గాయంతో తిరిగి వచ్చాడు. ఈ వివరాలన్నీ బెంజమిన్ వూలీ 2004లో రాసిన ‘ది హెర్బలిస్ట్’ అనే జీవితచరిత్రలో ఆసక్తిగా చదవవచ్చు.

1649లో, రాజు తల తెగిన సంవత్సరంలోనే, కల్పెపర్ కాలేజీవారి లాటిన్ ఔషధ గ్రంథాన్ని ఎవరి అనుమతీ లేకుండా ఇంగ్లిషులోకి అనువదించి అచ్చువేయించాడు. అనువాదంతో ఊరుకోలేదు. ఏ మందు దేనికి పనిచేస్తుందో మూలంలో లేని వివరాలు చేర్చాడు, కాలేజీ పెద్దలపై చురకలు వేశాడు. రాజపక్షపు వార్తాపత్రిక ఒకటి ఇది తాగుబోతు రాత అని తిట్టిపోసింది. ఆ కోపానికి కారణం సులువుగానే తెలుస్తుంది. తెలియని భాషలో ఉన్నంతకాలం మందు ఒక రహస్యం, రహస్యానికి ఒక ధర ఉంటుంది.

మూడేళ్ల తరవాత, 1652లో వచ్చింది ఇప్పుడు నా అలమరలో ఉన్న పుస్తకపు మూలరూపం, ‘ది ఇంగ్లిష్ ఫిజీషియన్’. ఈ దేశంలో పెరిగే మొక్కలతోనే, మూడు పెన్నీల ఖర్చుతో, మనిషి తనకు తాను వైద్యం చేసుకోవచ్చని దాని శీర్షికలోనే ప్రకటించాడు. పార్స్లీ బుధుడిదట, సేజ్ గురుడిది, రోజ్‌మేరీ సూర్యుడిది, థైమ్, పుదీనా శుక్రుడివి. చేపతో సోంపు కలిపి వండడం పాత ఆచారమే కాని, దానికి కారణం ఎందరికో తెలియదంటాడు. చేపలోని కఫ గుణాన్ని సోంపు హరిస్తుందని ఆయన వివరణ. గేలెన్ నాటి నుంచి వస్తున్న వేడి, చలువ, పొడి, తడి లెక్క ఇది. వంకాయ వేడి, మజ్జిగ చలువ అంటూ పెరిగిన మనకు ఈ భాష కొత్త కాదు.

ఆయన తడబడింది బేసిల్ దగ్గర. దీని మీద గ్రంథకర్తలందరూ వకీళ్లలా కొట్టుకుంటున్నారని మొదలుపెడతాడు. లోపలికి తీసుకోరాదని గేలెన్, డయోస్కొరిడీస్ అన్నారట. ప్లినీ, అరబ్బు వైద్యులు దాన్ని సమర్థించారట. దాన్ని అదేపనిగా వాసన చూసిన ఒకడి మెదడులో తేలు పుట్టిందన్న కథను ఒక ఫ్రెంచి వైద్యుడి పేరు మీద చెబుతాడు. విషానికి విరుగుడైన సదాపాకు దీని పక్కన పెరగదంటాడు. ఇంతకు మించి రాసే ధైర్యం లేదని ముగిస్తాడు. ఈ బేసిల్ మన తులసికి దగ్గరి చుట్టం. మనం రుద్రజడ అనీ, భూతులసి అనీ పిలిచే మొక్క ఇదే. దాని గింజలే వేసవిలో నీళ్లలో నానబెట్టి తాగే సబ్జా. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో మెదడు స్కాన్లు చూశాను, తేలు మాత్రం ఎక్కడా కనబడలేదు. పార్స్లీ గురించి రాస్తున్నప్పుడు కల్పెపర్‌కు పెరడు తోడుంది. బేసిల్ దగ్గర ఎక్కువగా గ్రంథాల సాక్ష్యం మీద ఆధారపడ్డాడు, అందుకే భయపడ్డాడు అనిపిస్తుంది.

వైద్యుడిగా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఈ పుస్తకాన్ని చూసి ఎవరూ మందు వేసుకోకూడదు. పుదీనా జాతిదే అయిన పెన్నీరాయల్‌ను ఆయన స్త్రీల రుతు సమస్యలకు చెప్పాడు. దాని తైలం కాలేయాన్ని పాడుచేస్తుందని, ప్రాణాలు తీసిందని ఇప్పుడు మనకు తెలుసు. అదే జాతికి చెందిన మిరియపు పుదీనా తైలాన్ని మాత్రం పేగు నొప్పికి ఇప్పటికీ గొట్టాల రూపంలో రాస్తూనే ఉన్నాం. థైమ్‌లో ఘాటునిచ్చే థైమాల్ మన వాములోనూ ఉంది. అజీర్తికి వాము నమిలించిన నాయనమ్మా, థైమ్ కాచి తాగమన్న కల్పెపరూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే పదార్థం దగ్గరికి చేరారు. అయితే ఎంత మోతాదు, ఎవరికి, ఎన్నాళ్లు అన్న ప్రశ్నలకు గ్రహాలు జవాబు చెప్పవు.

ఆ ప్రశ్నలు అడిగినవాడు విలియం వితరింగ్. ష్రాప్‌షైర్‌లోని ఒక ముసలావిడ ఒళ్లు నీరుపట్టిన రోగులకు ఇస్తున్న ఇంటిమందు గురించి 1775లో ఆయన అభిప్రాయం అడిగారు. ఇరవైకి పైగా ఆకులున్న ఆ కషాయంలో పని చేస్తున్నది ఫాక్స్‌గ్లోవ్ అని గుర్తించి, పదేళ్లు మోతాదులు గమనించి, 1785లో పుస్తకం రాశాడు. డిజాక్సిన్ ఆ మొక్కల కుటుంబం నుంచే వచ్చింది. వితరింగ్ పేరు ప్రతి వైద్య విద్యార్థికీ తెలుసు. ఆ ముసలావిడ పేరును ఆయన రాయలేదు. తరవాతి కాలంలో ప్రచారమైన పేరు ఇరవయ్యో శతాబ్దంలో ఒక మందుల కంపెనీ ప్రకటన కోసం పుట్టిన కల్పన. అందరికీ తెలిసిన మొక్కకు వర్ణన లేకపోయినట్టే, అది తెలిసిన మనిషికీ పేరు లేకుండా పోయింది.

ఇది ఎప్పటిదో కథ అనుకోవడానికి నాకు వీలులేదు. కొన్నేళ్ల క్రితం వార్ఫరిన్ వాడుతున్న ఒక తెలుగు పెద్దావిడ నా దగ్గరికి వచ్చేవారు. ఏటా వేసవిలో ఆవిడ రక్తపరీక్ష లెక్క తప్పేది. మాత్రలు మానేస్తున్నారా అని అడిగాను. లేదన్నారు. ఆహార పత్రం చూపించి బ్రోకలీ, పాలకూర ఎక్కువ తింటున్నారా అని అడిగాను. లేదన్నారు. నేను నమ్మలేదు, మతిమరుపు అనుకున్నాను. ఒకనాడు కూతురు వెంట వచ్చి, వేసవి వస్తే పెరట్లో కొత్తిమీర, మెంతికూర విరగబడి వస్తాయని, రోజూ పచ్చడే అని నవ్వుతూ చెప్పింది. ఈ దేశంలో కొత్తిమీర అంటే కూర మీద చల్లే నాలుగు ఆకులు. మన ఇంట్లో అది గిన్నెడు పచ్చడి. పచ్చని ఆకులో విటమిన్ కె ఉంటుందని, అది వార్ఫరిన్‌కు ఎదురు నడుస్తుందని నేను చదువుకున్నాను. కొత్తిమీర పచ్చడి తింటూ పెరిగాను కూడా. ఆ రెండూ నాలోనే ఉండి కలుసుకోలేదు. ఆవిడ అబద్ధం ఆడలేదు. నా పత్రంలో పెరడు లేదు, అంతే. పచ్చడి మానమనలేదు. రోజూ ఒకే కొలతలో తినమని చెప్పి దానికి తగ్గట్టు మాత్ర సరిచేశాను.

కల్పెపర్ 1654 జనవరిలో 37 ఏళ్ల వయసులో క్షయతో పోయాడు. ఏడుగురు పిల్లల్లో ఒక్క కూతురే మిగిలింది. పుస్తకం మాత్రం ఈ మూడున్నర శతాబ్దాల్లో వందకు పైగా ముద్రణలు పొందింది. ఆయనను ఈసడించిన కాలేజీ ఇప్పుడు రీజెంట్స్ పార్క్ పక్కన ఉంది. ఒకప్పుడు పరీక్షల కోసం ఆ గుమ్మం తొక్కినప్పుడు చుట్టూ ఏం పెరుగుతున్నదో చూడలేదు. ఈ మధ్య తీరిగ్గా వెళ్లి చూశాను. ఆ వీధిలో ఇళ్ల ముందున్న మడుల్లో 1618 నాటి గ్రంథంలోని మొక్కలే పెంచుతున్నారు. ప్రతిదాని పక్కనా పేరు రాసిన పలక ఉంది. ఆనాడు అక్కరలేని వర్ణన ఇప్పుడు అక్కర పడింది.

ఇంటికి వచ్చి ఒక నోటు పుస్తకం తీసి మా అమ్మకు ఫోన్ చేశాను. పోయినసారి వచ్చినప్పుడు పెరట్లో కొత్తిమీర అంత ఒత్తుగా ఎలా వచ్చిందో చెప్పమన్నాను.

“ధనియాలు నలిపి చల్లడమేగా. దానికేముందిరా, అందరికీ తెలిసిందేగా” అంది.

“అదే చెప్పమ్మా, రాసుకుంటాను” అన్నాను.

కాసేపు నవ్వి, ఆ తరవాత మొదలుపెట్టింది. చెప్పు కింద వేసి మెల్లగా రాస్తే గింజ రెండు బద్దలవుతుంది, పిండి కాకూడదు. ఒక రాత్రి నానాలి. మట్టి పైపైన కప్పాలి. ఎండలు ముదిరి పగళ్లు పొడుగైతే అక్కడ పూతకు తొందరపడుతుంది, కాబట్టి పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెంగా చల్లుకోవాలి. మొదటి కోతకు వేరుతో లాగకూడదు, గోటితో తుంచాలి.

రెండు పేజీలు నిండాయి. ఇంకా పుదీనా మిగిలి ఉంది.