గుండ్లకమ్మ రాయి, కాన్‌బెర్రా తోట

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో బర్లీ గ్రిఫిన్ సరస్సు ఒడ్డున 1982లో నేషనల్ గ్యాలరీ మొదలైంది. గ్యాలరీకీ నీళ్లకూ మధ్య చెట్ల నీడలో శిల్పాల తోట ఉంది. ఫ్రెంచ్ శిల్పి రోదాఁ చేసిన కంచు మనుషులు అక్కడ నిలబడి ఉంటారు. జపాన్ కళాకారిణి ఫుజికో నకాయా అయితే పొగమంచునే శిల్పం చేశారు. మధ్యాహ్నం పూట మడుగు మీద తెల్లగా లేస్తుంది, గాలి ఎటు వీస్తే అటు రూపు మారుతుంది.

ఆ తోట పక్కనున్న గ్యాలరీలోకే మన పడమటి ప్రకాశం రాయి ఒకటి చేరింది.

దాని సొంతూరు దొనకొండ దగ్గరి చందవరం. గుండ్లకమ్మ నది ఒడ్డున సింగరకొండ మీద శాతవాహనుల కాలపు మహాస్తూపం ఉంది. అద్దంకి ఆంజనేయస్వామి సింగరకొండ వేరు, ఇది వేరు. వి.వి. కృష్ణశాస్త్రి 1964లో ఈ స్తూపాన్ని గుర్తించారు. 1970లలో తవ్వకాలు జరిగాయి. కాశీకీ కంచికీ నడిచే భిక్షువులకు ఇది మజిలీ అని చెబుతారు.

అక్కడి సున్నపురాయి ఫలకాల్లో ఒకదాని మీద బుద్ధుణ్ని కొలిచే భక్తులున్నారు. 2000 ప్రాంతంలో చందవరంలో దొంగలు పడ్డారు. 2005లో ఆ ఫలకాన్ని గ్యాలరీ న్యూయార్క్ వ్యాపారి దగ్గర 5,95,000 అమెరికా డాలర్లకు కొన్నది. అది చాలా ముందే భారతదేశం దాటిందని అమ్మకపు కాగితాలు చెప్పాయి. 1990లలో మన దేశంలోనే తీసిన ఫొటోలు ఆ మాటను అబద్ధం చేశాయి. 2016 సెప్టెంబరులో గ్యాలరీ దాన్ని మన కేంద్రమంత్రి చేతికి అప్పగించింది.

తాళం కాపాడలేని రాయిని ఫొటో వెనక్కి తెచ్చింది. మ్యూజియానికి అద్దాల గది, దీపాలు తర్వాతి సంగతి. ఏ రాయి ఎక్కడ ఉంది, దాని మీద ఏముంది అన్న లెక్కతోనే మ్యూజియం మొదలవుతుంది. ఆ లెక్క లేని శిల్పం పోతే, అది మనదేనని అడగడానికి కూడా చేతిలో ఏమీ ఉండదు.

చంద్రశేఖరపురం వాళ్లకు ఇది దూరపు కథ కాదు. మన మండలంలోనే భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి. గుమ్మాల పక్క ద్వారపాలకులు ఎండావానల్లోనే నిలబడ్డారు. మనమూ ఫొటోలు తీసుకుంటాం. అయితే అక్కడి జలపాతం ముందు మనం నిలబడి తీసుకుంటాం. ఈసారి వెళ్లినప్పుడు కాస్త పక్కకు జరిగి, ఆ ద్వారపాలకుడికీ ఒక ఫొటో తీయండి. వెనక తేదీ, గుహ వరుస రాసి పెట్టండి.