మూడు రజతాలు: లీ చోంగ్ వెయ్ క్రీడాజీవితం

బ్యాడ్మింటన్ చరిత్రలో మలేసియా క్రీడాకారుడు లీ చోంగ్ వెయ్ గురించి రెండు పట్టికలు రాయవచ్చు. మొదటిదాని ప్రకారం అతడు మొత్తం 349 వారాల పాటు ప్రపంచ అగ్రస్థానంలో ఉన్నాడు. అందులో 199 వారాలు, 2008 ఆగస్టు నుంచి 2012 జూన్ వరకు, ఎడతెగకుండా సాగినవి. ఆల్ ఇంగ్లండ్ టైటిల్‌ను నాలుగుసార్లు, మలేసియా ఓపెన్‌ను పన్నెండుసార్లు గెలిచాడు. రెండవ పట్టిక చిన్నది. 2008, 2012, 2016 ఒలింపిక్స్ మూడింటిలోనూ రజతం; ప్రపంచ చాంపియన్‌షిప్ ఒక్కసారీ దక్కలేదు. ఈ రెండు పట్టికలూ ఒకే మనిషివి కావడం ఎలా సాధ్యమైందన్నదే అతని జీవితచరిత్రలోని అసలు ప్రశ్న.

మలేసియాలో బ్యాడ్మింటన్ కేవలం వినోదం కాదు. దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, 1949లో, మొట్టమొదటి థామస్ కప్పును మలయా జట్టు గెలుచుకొంది. 1992లో బ్యాడ్మింటన్ ఒలింపిక్ పతకక్రీడ అయినప్పుడు మలేసియాకు తొలి ఒలింపిక్ పతకాన్ని తెచ్చింది కూడా ఈ ఆటే. సిదెక్ సోదరులు రజీఫ్, జలానీ డబుల్స్‌లో సాధించిన కాంస్యం అది. మలయ్‌లు, చైనీయులు, భారతీయ సంతతివారు వేరువేరు భాషలలో, వేరువేరు ఆచారాలతో బతికే ఆ దేశంలో, అందరూ తమదిగా భావించే కొద్ది విషయాలలో ఈ ఆట ఒకటి.

లీ 1982 అక్టోబరు 21న పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ సెరాయ్‌లో పుట్టాడు. చిన్నతనంలో అతనికి ఇష్టమైన ఆట బాస్కెట్‌బాల్. మిట్టఎండలో ఆడవద్దని తల్లి వారించడంతో అది ఆగిపోయింది. బ్యాడ్మింటన్ అంటే ఇష్టపడే తండ్రి పదకొండో ఏట అతన్ని ఇండోర్ కోర్టుకు తీసుకువెళ్ళాడు. పదిహేడేళ్ళకు జాతీయ జట్టులో చేరాడు. సిదెక్ సోదరులలో పెద్దవాడైన మిస్బున్ సిదెక్ శిక్షణలో అతని ఆట రూపుదిద్దుకొంది.

అతని ఎదుగుదల, ఆట నియమాలలో వచ్చిన ఒక పెద్ద మార్పు ఒకే కాలంలో జరిగాయి. అంతకుముందు పురుషుల గేమ్ 15 పాయింట్లది. సర్వీసు చేసేవాడికి మాత్రమే పాయింటు వచ్చేది. 2006లో 21 పాయింట్ల పద్ధతి వచ్చింది. ఎవరు సర్వీసు చేసినా ప్రతి ర్యాలీకీ పాయింటు ఉంటుంది. పాత పద్ధతిలో అవతలివాడి సర్వీసులో తప్పు చేస్తే పాయింటు పోయేది, తన సర్వీసులో చేస్తే సర్వీసు మాత్రమే పోయేది. కొత్త పద్ధతిలో ఆ వెసులుబాటు లేదు. ఆ ఏడాది జూన్‌లో కుచింగ్‌లో జరిగిన మలేసియా ఓపెన్ ఫైనల్లో చైనా క్రీడాకారుడు లిన్ డాన్ మీద, మూడో గేమ్‌లో 13–20తో వెనుకబడి ఉన్న లీ, 23–21తో గెలిచాడు. వేగం, కోర్టు నలుమూలలా చేరుకోగల పాదాల నేర్పు, ఎంతటి కష్టమైన షటిల్‌నైనా తిరిగి పంపగల ఓర్పు అతనికి పెట్టుబడి అని ఆ మ్యాచ్ చాటింది.

అయితే అదే లిన్ డాన్ తరువాతి కాలంలో అతనికి అడ్డుగోడ అయ్యాడు. ఇద్దరూ 40 సార్లు తలపడితే లిన్ 28, లీ 12 గెలిచారు. 2008 బీజింగ్ ఒలింపిక్ ఫైనల్ 12–21, 8–21తో ఏకపక్షంగా ముగిసింది. తరువాతివి అలా కావు. 2011లో లండన్‌లోని వెంబ్లీలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో మూడో గేమ్‌ను లీ 21–23తో కోల్పోయాడు. 2012 మేలో థామస్ కప్పు పోటీలో చీలమండ గాయపడింది. కోలుకొని లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళి, ఫైనల్లో మొదటి గేమ్ గెలిచి, మూడో గేమ్‌లో 19–18తో ముందంజలో ఉండి, చివరి మూడు పాయింట్లూ చేజార్చుకొన్నాడు. తరువాత తన దేశ ప్రజలకు క్షమాపణ చెప్పుకొన్నాడు.

ఆ క్షమాపణ గురించి ఆలోచించవలసి ఉంది. ప్రపంచ ర్యాంకు అన్నది గడిచిన 52 వారాలలో ఆడిన పోటీలలోని పది ఉత్తమ ఫలితాల మొత్తం. ఒలింపిక్ స్వర్ణం నాలుగేళ్ళకొకసారి వచ్చే ఒక్క రోజు ఫలితం. మొదటిది నిలకడను కొలుస్తుంది. రెండవది ఆ రోజు శరీరాన్ని, మనసును కొలుస్తుంది. 2013లో గ్వాంగ్‌జౌలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. లండన్ తరువాత పెద్దగా పోటీలలో పాల్గొనని లిన్ డాన్ వైల్డ్ కార్డుతో బరిలోకి దిగాడు. ఏడాది పొడుగునా ఆడుతున్న లీ, ఫైనల్ మూడో గేమ్‌లో 17–20 వద్ద కండరాలు పట్టేసి ఆట విరమించవలసి వచ్చింది. చైనాకు లిన్ డాన్ ఓడినా మరో ప్రపంచస్థాయి ఆటగాడు ఉండేవాడు. మలేసియాకు ఆ కాలమంతా లీ ఒక్కడే. దేశం తన ఆశలన్నిటినీ ఒకే భుజం మీద మోపి, ఆ భుజం వంగినప్పుడు అతని చేతనే క్షమాపణ చెప్పించుకొంది.

2014లో మరింత కఠినమైన పరీక్ష వచ్చింది. కోపెన్‌హాగెన్ ప్రపంచ చాంపియన్‌షిప్ సమయంలో తీసిన నమూనాలో నిషేధిత పదార్థమైన డెక్సామెథసోన్ బయటపడింది. ఆహారపూరకంగా తీసుకొన్న గుళికల ద్వారా అది శరీరంలో చేరిందనీ, మోసపు ఉద్దేశం లేదనీ విచారణ సంఘం 2015 ఏప్రిల్‌లో తేల్చింది. అయినా అజాగ్రత్తకు శిక్ష తప్పలేదు. ఎనిమిది నెలల నిషేధం పడింది, అక్కడ గెలిచిన రజతమూ పోయింది. నిషేధం ముగిసిన మూడు నెలలకే లీ జకార్తాలో మళ్ళీ ప్రపంచ ఫైనల్ ఆడి చెన్ లాంగ్ చేతిలో ఓడాడు. నవంబరులో చైనా ఓపెన్ ఫైనల్లో అదే చెన్ లాంగ్‌ను ఓడించాడు.

2016 రియో సెమీఫైనల్లో లిన్ డాన్‌ను 15–21, 21–11, 22–20తో జయించాడు. ఒలింపిక్స్‌లో లిన్ మీద అతనికదే ఏకైక విజయం. ఫైనల్లో చెన్ లాంగ్ రెండు గేముల్లోనూ 21–18తో గెలిచాడు. తెలుగువారికి లీ దగ్గరగా కనిపించినది 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో. మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో గుంటూరు యువకుడు కిదాంబి శ్రీకాంత్ లీని ఓడించాడు. భారత్ స్వర్ణం గెలిచింది. అదే వారంలో శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. కానీ సింగిల్స్ ఫైనల్లో మొదటి గేమ్ కోల్పోయిన 35 ఏళ్ళ లీ, మిగిలిన రెండు గేములనూ 21–14తో గెలిచి స్వర్ణం అందుకొన్నాడు.

ఆ జూలైలో మలేసియా ఓపెన్‌ను పన్నెండోసారి గెలిచాడు. అదే అతని చివరి టైటిల్. సెప్టెంబరులో ముక్కు క్యాన్సర్ తొలి దశలో ఉన్నట్టు ప్రకటన వెలువడింది. చికిత్స తరువాత మళ్ళీ ఆడాలని ప్రయత్నించినా, 2019 జూన్ 13న విరమణ ప్రకటించక తప్పలేదు. 2023లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య అతన్నీ, లిన్ డాన్‌నూ కలిపే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది.

2024 పారిస్ క్రీడల తరువాత కూడా మలేసియా ఏ క్రీడలోనూ ఒలింపిక్ స్వర్ణం గెలవలేదు. లీ తేలేకపోయినది అతనికి ముందూ, తరువాతా కూడా మరెవరూ తేలేదు. ఓడిన ఆ కొన్ని ఫైనళ్ళ వరకు చేరడానికే పన్నెండేళ్ళ పాటు ప్రపంచంలోని తక్కిన ఆటగాళ్ళందరినీ అతడు దాటవలసి వచ్చిందన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకొంటే, క్షమాపణ చెప్పుకోవలసిన అవసరం అతనికి ఉండినట్టు కనిపించదు.