కుక్కకి కంచె: గొలుసుకీ గేటుకీ మధ్య చరిత్ర

మా కుక్క కోసం ఇంటి చుట్టూ కంచె వేయిద్దామని ఈమధ్య గాజువాకలో నాలుగు షాపులు తిరిగాను. ప్రతి చోటా ఒకటే ప్రశ్న: "లోపలికి ఎవరూ రాకూడదా సార్?" కాదండీ, మావాడు బయటకి పోకూడదు అంటే వింతగా చూశారు. రిక్వైర్‌మెంట్ తిరగబడిందన్నమాట! ఇంటికొచ్చి ఆలోచిస్తే షాపువాళ్ళ తప్పేం లేదనిపించింది. మన కంచెల చరిత్రంతా బయటివాళ్ళ గురించే.

పల్లెల్లో దడి కట్టినా, ముళ్ళకంప పరిచినా, తాటిమట్టలు పాతినా అది పశువులు చేలో పడకుండా. పడితే బందెలదొడ్డి. దానికోసం 1871లో తెల్లదొరలు పశువుల అతిక్రమణ చట్టమే చేశారు. అందులో "పశువులు" అంటే ఎవరెవరో చదివి నవ్వుకున్నాను: ఏనుగులు, ఒంటెలు, గుర్రాలు, గాడిదలు, పందులు, మేకలు.. అందరూ ఉన్నారు. కుక్క మాత్రం లేదు! ఎందుకుంటుంది లెండి, అది చేను మెయ్యదుగా. పైగా మన కుక్క ఒక ఇంటిది కాదు, వీధి మొత్తానిది. నాలుగిళ్ళలో తిని, ఐదో ఇంటి అరుగు మీద పడుకునేది.

కుక్కని గేటు లోపల పెట్టే అలవాటు బంగళాలతో బాగా పెరిగింది. మనం రోజూ వాడే "కాంపౌండు" అన్న మాట మలయ్ భాషలోని "కంపుంగ్" నుంచి వచ్చిందని చాలామంది పండితులు చెప్తారు. వాల్తేరు కొండల మీద దొరల బంగళాలు, తర్వాత పోర్టు క్వార్టర్లు, స్టీల్ ప్లాంటు క్వార్టర్లు, ఇప్పుడు మధురవాడ దాకా డూప్లెక్సులు. కాంపౌండు వచ్చింది, కుక్క వచ్చింది, గేటుకి "కుక్కలున్నవి జాగ్రత్త" బోర్డూ వచ్చింది. చూడండి, ఆ బోర్డు కూడా బయటివాడి కోసమే.

చట్టం సంగతీ అంతే. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 289వ సెక్షన్ ఉండేది. పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రమాదం జరగకుండా యజమాని జాగ్రత్త పడకపోతే శిక్ష. 2024 జులై 1 నుంచి అదే సంగతి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్‌లోకి మారింది: ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది వీధిలో నడిచేవాడి వైపు నుంచి రాసిన చట్టం.

కుక్క వైపు నుంచి రాయడానికి మనకి సరిగ్గా వందేళ్ళు పట్టింది. 1960 జంతు హింస నిరోధక చట్టం, 11వ సెక్షన్: జంతువుని మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువు గొలుసుతోనో అన్యాయంగా ఎక్కువసేపు కట్టెయ్యడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తగినంత తిప్పకపోవడం కూడా నేరమే. మన కాలనీల్లో ఎన్నిళ్ళలో ఈ నేరం జరగట్లేదో మీరే లెక్కెయ్యండి.

గొలుసు వేస్తే మొదటి చట్టం సంతోషిస్తుంది. గేటు తెరిస్తే రెండో చట్టం సంతోషిస్తుంది. రెండు టెస్ట్ కేసులూ పాసవ్వాలంటే దారి సరైన కంచె ఒక్కటే.

మరి ఏది సరైనది? ముళ్ళతీగ వద్దే వద్దు. 1874లో అమెరికాలో ఇల్లినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు తీసుకున్న ఆ తీగ పెద్ద పశువుల కోసం. కుక్క కింద నుంచి దూరుతుంది, వీపు చీరుకుంటుంది.

మనలాంటివాళ్ళకి నచ్చే "కనపడని కంచె" కూడా ఉంది. 1973లో రిచర్డ్ పెక్ అనే అమెరికన్ దానికి పేటెంటు పొందాడు. నేలలో వైరు, కుక్క మెడలో పట్టీ, గీత దాటబోతే షాక్. ఐడియా బావుంది కానీ మన వీధికి పనికిరాదు. మనవాడు ఆగుతాడు సరే, మెడలో పట్టీ లేని వీధికుక్కలు ఆగుతాయా? షాక్ పట్టీల్ని వేల్స్ దేశం 2010లోనే నిషేధించింది కూడా.

మిగిలింది జాలీ. ఇంగ్లాండులో నార్విచ్ నేతకి పేరున్న ఊరు. 1844లో అక్కడి చార్లెస్ బర్నార్డ్ బట్టల మగ్గాన్ని చూసి తీగల్ని నేసే యంత్రం తయారుచేశాడు. అంతకు ముందే, 1837లో, ఫ్రాన్స్‌లో సోరెల్ ఇనుముని కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తుప్పు ముందు జింకుని తింటుంది, ఇనుము బతుకుతుంది. ఉద్యమం చేసి స్టీల్ ప్లాంటు సాధించుకున్న ఊరు మనది, అందులో వైర్ రాడ్ మిల్లు కూడా ఉంది. కానీ మన సముద్రపు ఉప్పుగాలికి ఉక్కంటే గౌరవం లేదు :) పల్చటి పూత జాలీ తొందరగా ఎర్రబడుతుంది, అడుగున తుప్పు పట్టిన చోట తీగ తెగుతుంది, కుక్క సరిగ్గా అక్కడే దూరుతుంది. అందుకని రేటు చూసే ముందు జింకు పూత మందం అడగండి.

నేను తేల్చుకున్నది ఇది: ఐదడుగుల జాలీ, రెండంగుళాల కళ్ళు, తవ్వి దూరకుండా అడుగు లోతు నేలలోకి, లోపలివైపు గోరింట మొక్కల వరస. ఆకులు అడ్డముంటే పోయేవాళ్ళని చూసి మొరగడం కొంత తగ్గుతుంది. ఇన్ని చేసినా రోజుకి రెండుసార్లు బయట తిప్పాల్సిందే, కంచె ఆ పని చెయ్యదు.

ఖర్చు గొలుసు కన్నా చాలా ఎక్కువే, కాదనను. కానీ గొలుసు చవగ్గా ఎందుకుందంటే, దాని ఖరీదులో ఎక్కువ భాగం కుక్క కడుతోంది కాబట్టి.