పగదీర్చు దేవుడు: ఒక నాటకము, ఒక విచారణ

నాటకములను నిషేధింప గోరువారు ఏ దేశమందైనను రెండు కారణములు చెప్పుచుందురు. మొదటిది నీతి, రెండవది పరువు. నీతి మాట ముందు వినవచ్చును గాని, విచారించి చూచినచో పరువే బలవత్తరమైన కారణముగ దోచును. దీనికి నిదర్శనముగ ఒక నాటకము చరిత్రమును పాఠకుల యెదుట నుంచుచున్నాము. దాని పేరు ‘పగదీర్చు దేవుడు’. వ్రాసినవాడు షోలెం ఆష్. వ్రాసిన భాష యిడ్డిష్.

యిడ్డిష్ తూర్పు ఐరోపాలోని యూదుల యింటిభాష. జర్మను మాండలికములనుండి పుట్టి, హీబ్రూ పదములను, స్లావు పదములను కలుపుకొని, హీబ్రూ లిపిలో వ్రాయబడునది. పండితులు వేదభాషయైన హీబ్రూను గౌరవించి, దీనిని ఆడువారి భాషయని చిన్నచూపు చూచిరి. ఐ. ఎల్. పెరెట్స్ మొదలగువారు అందులోనే ఉత్తమ వాఙ్మయమును నిర్మించిరి. 1908లో చెర్నోవిట్స్ నగరమున జరిగిన మహాసభ యిడ్డిష్ యూదుల జాతీయభాషలలో నొకటియని తీర్మానించెను. పెరెట్సును ఆషును ఆ సభలో పాల్గొనినవారే. ఆష్ 1880లో పోలండునందలి కుట్నో పట్టణమున జన్మించెను. 1906లో ఈ నాటకము వ్రాయునాటికి ఆతని వయస్సు ఇరువదియారేండ్లకు మించలేదు.

కథ యిది. పోలండులోని యొక పట్టణమున యాంకెల్ అను యూదుడు తన యింటి క్రిందిభాగమున వేశ్యాగృహము నడుపుచుండును. మీది యంతస్తులో భార్యతోను, రివ్కెలె యను పెండ్లీడు కుమార్తెతోను కాపురముండును. భార్యయు ఒకనాడు ఆ వృత్తిలోనిదే. క్రింది సొమ్ముతో మీది పవిత్రతను కాపాడవలెనని యాంకెల్ తపన. అందులకై తోరా యనబడు పవిత్ర గ్రంథమును లేఖకునిచే చేతివ్రాతతో వ్రాయించి, కుమార్తె గదిలో ప్రతిష్ఠించును. ఆ గ్రంథము తన బిడ్డను కాపాడుననియు, దానిని చూచి యోగ్యుడైన వరుడు లభించుననియు ఆతని యాశ.

కాని ఆ యిల్లు రెండంతస్తులుగ నున్నను మెట్లు మాత్రము గలవు. రివ్కెలె, క్రింద నివసించు మాంకె యను స్త్రీని ప్రేమించును. ఒక వసంతరాత్రి వానలో తడిసి వచ్చిన యిద్దరును వధూవరులవలె ఒకరితో నొకరు మాటలాడుకొను ఘట్టము ఈ నాటకమునకు ప్రాణము. పిదప వారిద్దరును ఇల్లు విడిచిపోవుదురు. తల్లి తన చెవికమ్మలను లంచముగ నిచ్చి బిడ్డను తిరిగి తెప్పించును. వరుని తండ్రి సంబంధము మాటలాడుటకు వచ్చియుండగా, యాంకెల్ కుమార్తెను నిలదీసి, నీవింకను పవిత్రవేనా యని యడుగును. ఆమె తెలియదని మాత్రమే చెప్పును. ఆతడు ఆమెను తానే క్రింది వేశ్యాగృహమునకు తరిమి, తోరా గ్రంథమును తీసికొనిపొమ్మని కేకలు వేయును. అంతటితో తెర పడును.

ఆష్ ఈ నాటకమును వార్సాలో పెరెట్స్ యింట చదివి వినిపింపగా, దీనిని తగులబెట్టుమని ఆ పెద్ద సలహా చెప్పెనని ప్రసిద్ధి. ఆష్ తగులబెట్టలేదు. 1907లో బెర్లినునందు మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో జర్మను భాషలో ఇది ప్రదర్శింపబడెను. రుడాల్ఫ్ షిల్డ్‌క్రౌట్ అను మహానటుడు యాంకెల్ పాత్రను ధరించెను. ఆ యేడే న్యూయార్కులో యిడ్డిష్ భాషయందును ఆడబడెను. 1918లో ఐజక్ గోల్డ్‌బర్గ్ దీనిని ఆంగ్లములోనికి అనువదించెను.

ఇంతవరకు కలహము యిడ్డిష్ తెలిసిన వారిలోనే జరిగినది. 1922 డిసెంబరులో నాటకము ఆంగ్లమున న్యూయార్కు రంగస్థలమెక్కెను. 1923 ఫిబ్రవరిలో బ్రాడ్వే యందలి అపోలో నాటకశాలకు మారెను. పెద్ద శాలకు మారునపుడే ఆ ప్రేమఘట్టము కత్తిరింపబడెను. అయినను పెద్దలకు తృప్తి కలుగలేదు. ఫిర్యాదు చేసినవారిలో ముఖ్యుడు పరాయివాడు కాడు. జోసెఫ్ సిల్వర్‌మన్ అను యూదు మతాచార్యుడే. మార్చి 6వ తేదీన నటవర్గములోని పండ్రెండుగురిపైనను, నిర్మాతయు న్యాయవాదియునగు హారీ వైన్‌బర్గరుపైనను, నాటకశాల యజమానిపైనను అశ్లీలప్రదర్శన నేరము మోపబడెను. మే నెలలో జూరీ వారిని దోషులని నిర్ణయించెను. వైన్‌బర్గరునకును షిల్డ్‌క్రౌటునకును చెరి 200 డాలర్ల జరిమానా విధింపబడెను. 1925లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము ఈ తీర్పును కొట్టివేసెను గాని, అప్పటికి నాటకము మూతబడి చాలకాలమాయెను.

ఆ మతాచార్యుని మాత్రము తిట్టి ఊరకుండుట న్యాయముగాదు. ఆ దినములలో అమెరికాలో యూదద్వేషము ప్రబలుచుండెను. వలసవచ్చువారి సంఖ్యకు 1921లో హద్దులు పెట్టిరి. 1924లో వానిని మరింత బిగించిరి. అట్టి సమయమున యూదుడొకడు వేశ్యాగృహము నడుపుచున్నట్లు పరులభాషలో పరుల యెదుట చూపుట తమవారికి కీడని ఆయన భయపడెను. ఆ భయము నిరాధారము కాదు. కాని భయము నిజమైనంతమాత్రమున మందు సరియైనదగునా? ఇంటిగుట్టు పైకి రాకూడదని నోరుమూసినచో, ఇంటిలోని వ్యాధి మానునా?

మేమీ నాటకమును మొదట చదివినపుడు ఇది వేశ్యావృత్తిని ఖండించు నాటకమని మాత్రమే తలచితిమి. ఆ యిద్దరు స్త్రీల ప్రేమను ఆ పాపగృహమున పుట్టిన మరియొక పాపముగ నెంచితిమి. రెండవమారు చదివినపుడు మా పొరపాటు మాకు తెలిసినది. ఆ యింటిలో ప్రతి వస్తువునకును వెల గలదు. క్రింది స్త్రీలకు వెల గలదు. పవిత్రగ్రంథమునకు వెల కట్టి తెచ్చిరి. వరునికి కట్నమను వెల గలదు. తల్లి ప్రేమ సైతము చెవికమ్మల రూపమున చెల్లింపబడినది. వెల లేనిది ఆ వానలో తడిసిన యిద్దరి ప్రేమయొక్కటే. న్యూయార్కు పెద్దలు కత్తిరించినదియు దానినే! వ్యాపారము రంగస్థలముపై నిలిచెను. ప్రేమ కత్తెరకు బలియాయెను.

అటుపిమ్మట చట్టమే ముందుకు వచ్చెను. ఎడ్వర్డ్ బుర్దే వ్రాసిన ఫ్రెంచి నాటకమొకటి, స్త్రీకి స్త్రీయందు గల ప్రేమను గూర్చినదే, ఆంగ్లమున ఆడబడుచుండగా 1927 ఫిబ్రవరిలో పోలీసులు దానిపై దాడి చేసిరి. ఆ సంవత్సరముననే న్యూయార్కు రాష్ట్రము అట్టి విషయములను చూపు నాటకశాలలకు తాళము వేయించు చట్టమును చేసెను. అది 1967 వరకు నిలిచెను.

ఆష్ యేమి చేసెను? యువకుడుగా పెరెట్సును ధిక్కరించినవాడే, రెండవ ప్రపంచయుద్ధానంతరము తన నాటకమును ఎవ్వరును ఆడవలదని కోరెను. తన భాష మాటలాడినవారిలో లక్షలకొలది జనులు నాజీల చేతులలో మడిసిన పిమ్మట, వారి దోషములను చూపు నాటకము ఆతనికి భరింపరానిదై యుండవచ్చును. ఆతని దుఃఖమును మేము తప్పుపట్టజాలము. ఆతడు 1957లో లండనునందు మరణించెను. కాని నాటకము మరణింపలేదు. ఈ చరిత్రమంతయు వస్తువుగ గైకొని పౌలా వోగెల్ రచించిన నాటకము 2015లో యేల్ నాటకశాలయందును, 2017లో బ్రాడ్వేయందును ప్రదర్శింపబడెను. కత్తిరింపబడిన ఆ వానఘట్టమే అందులో ప్రేక్షకుల కన్నుల నిలిచెను.

బిడ్డలను గన్న మనవంటి వారికి ఈ నాటకమొక ప్రశ్న వేయుచున్నది. యాంకెల్ దుర్మార్గుడని సులభముగ చెప్పవచ్చును. కాని ఆతడు తన కుమార్తెను నిజముగ ప్రేమించినవాడే. ఆమె కొరకు గ్రంథము వ్రాయించెను, గది యలంకరించెను, వరుని వెదకెను. ఒక్క పని మాత్రము చేయలేదు: ఆమెను కూర్చుండబెట్టుకొని, అమ్మా, నీ మనస్సులో నేమున్నదని యడుగలేదు. అడిగినదినమున సైతము ఆమె మనస్సును గూర్చి కాక తన పరువును గూర్చియే యడిగెను.