అండము విడుదలగు వేళ

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పల్లెలలో కొత్తకోడలికి "నెల తప్పినది" యన్నచో శుభవార్త. పెండ్లి కాని కూతురికి రెండు మూడు మాసములు నెలసరి రాకున్నచో మాత్రము తల్లికి నిద్ర పట్టదు. నెల యనగా చంద్రుడు కూడ. కాని చంద్రుని మాసము 29.5 దినములు, స్త్రీల ఋతుచక్రము 21 మొదలు 35 దినములవరకు ఎట్లున్నను సహజమే. కనుక గడియారమును ఆకాశమున గాక శరీరములోనే వెదుకవలసి వచ్చినది.

ఆ ఊహ పాతదే. చైనా వైద్యులు దినమును 12 భాగములు చేసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క అవయవమునకు కేటాయించిరి. సాయంకాలము 5 నుండి 7 వరకు మూత్రపిండముల వేళ. వారి మతమున సంతానశక్తికి అవియే నెలవు. వేళనుబట్టి సూదులు గ్రుచ్చు పద్ధతి 12వ శతాబ్దినాటికే గ్రంథస్థమైనది. మన వాగ్భటుడును ఉదయము కఫమునకు, మధ్యాహ్నము పిత్తమునకు, సాయంకాలము వాతమునకు ప్రాబల్యమనెను. చక్కని ఊహలే, కాని పరీక్షచే తేలినవి కావు.

పరీక్ష 1950లో, అమెరికాలో, ఎలుకలపై జరిగినది. ఎలుకకు నాలుగైదు దినముల కొకసారి, అర్ధరాత్రి దాటిన పిమ్మట అండము విడుదలగును. ఎవరెట్, సాయర్ అను శాస్త్రజ్ఞులు ముందునాటి మధ్యాహ్నము 2 గంటలకు దానికి మత్తుమందిచ్చిరి. ఆ రాత్రి అండము రాలేదు. మత్తు విడిన వెంటనే వచ్చునేమో యనుకొందుము. అట్లు జరుగలేదు, సరిగా 24 గంటలు ఆలస్యముగా, మరునాటి రాత్రి వచ్చినది. సాయంకాలము 4 దాటిన పిమ్మట మత్తిచ్చినచో ఏ అడ్డంకియు లేదు. అనగా 2కు, 4కు నడుమ మెదడు పిట్యూటరీ గ్రంథికి ఆజ్ఞ పంపుచున్నది. ఆ వేళ దాటినచో, మహబూబాబాదు స్టేషనులో రైలు తప్పిన ప్రయాణికునివలె మరునాడు అదే వేళవరకు కాచుకొనవలసినదే! దినగడియారము మెదడులో, చూపునరములు కలియుచోటికి కొంచెము పైన గలదని 1972లో తేలినది.

స్త్రీలలో ఈ కట్టడి ఇంత బిగువుగా లేదు. వారికి మరియొక లయ ముఖ్యము. గోదావరి ప్రాంతమున మనము చూచు ఎర్రమూతి కోతి జాతిపైననే క్నోబిల్ దానిని కనుగొనెను. మెదడునుండి వచ్చు హార్మోనును గంటకొకసారి ఇచ్చినచో కోతి ఋతుచక్రము నడిచినది. అదే మందును ఎడతెగకుండ ఎక్కించినచో పిట్యూటరీ మూగవోయినది. 1980 ప్రాంతమున వైద్యులు చిన్న పంపుతో ఆ హార్మోనును సుమారు 90 నిమిషముల కొకసారి ఇచ్చి, అండము విడుదలకాని స్త్రీలకు సంతానము కలిగించిరి.

మరి చైనా సూదులమాట? అండాశయములలో నీటితిత్తుల వ్యాధి గల 1000 మంది చైనా స్త్రీలపై జరిగిన పరీక్షాఫలితములు 2017లో వెలువడినవి. నిజపు సూదులవారిలోను, ఉత్తుత్తి సూదులవారిలోను 100కి సుమారు 22 మందికే బిడ్డలు పుట్టిరి. క్లోమిఫిన్ మాత్ర వాడినవారిలో 29 మందికి, వాడనివారిలో 15 మందికి. సూదులు వారమునకు రెండుసార్లు గ్రుచ్చిరి. వేళ చూచి మాత్రము కాదు.