నోటి పూత తగ్గడం లేదా? రోగనిరోధక శక్తి తగ్గినవారిలో వైరస్ పుండ్లు

నోరు పూసిందంటే చాలా ఇళ్లలో మొదట వచ్చే మాట ‘వేడి చేసింది’. మజ్జిగ తాగిస్తారు, మెడికల్ షాపు నుంచి బి-కాంప్లెక్స్ గోలీలు తెస్తారు. ఆరోగ్యంగా ఉన్నవారికి చాలాసార్లు వారం, పది రోజుల్లో పుండు దానంతట అదే మానిపోతుంది. కానీ రోగనిరోధక శక్తి తగ్గినవారి సంగతి వేరు. వారి నోట్లో పుండుకు, తెల్లమచ్చకు వైరస్ కారణం కావచ్చు. దాన్ని మామూలు పూత అనుకుని వదిలేస్తే నష్టం.

ఎవరికి ముప్పు ఎక్కువ?

హెచ్‌ఐవీ ఉన్నవారు, క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారు, కిడ్నీ, కాలేయం వంటి అవయవాల మార్పిడి జరిగినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు జాగ్రత్తగా ఉండాలి. షుగర్ అదుపులో లేనివారికీ ఇన్ఫెక్షన్లు తేలిగ్గా తగ్గవు.

ఈ వైరస్‌లలో చాలావరకు కొత్తగా వచ్చేవి కావు. చిన్నతనంలోనే ఒంట్లోకి చేరి, జీవితాంతం నిద్రపోతున్నట్టు ఉండిపోతాయి. రోగనిరోధక శక్తి తగ్గగానే మేల్కొంటాయి.

ఏది ఎలా కనిపిస్తుంది?

హెర్పిస్ సింప్లెక్స్: మామూలుగా జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున పొక్కులు లేస్తాయి. అది ఈ వైరస్ పనే. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో నాలుక, బుగ్గల లోపలి భాగం, అంగిలి మీద కూడా పుండ్లు పడతాయి. అవి పెద్దవై, బాగా నొప్పి పుట్టి వారాల తరబడి మానవు. నెల దాటినా మానని హెర్పిస్ పుండు ఉంటే హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి.

సర్పి: చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరసే దీనికీ కారణం. ముఖానికి, నోటికి ఒక పక్క మాత్రమే మంట, నొప్పి వచ్చి, తర్వాత నీటి పొక్కులు లేస్తాయి. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే ఎక్కువ మేలు. ఆకు పసర్లు పూస్తూ ఆ సమయాన్ని పోగొట్టుకోకూడదు. కన్ను దగ్గర లేస్తే చూపుకే ప్రమాదం.

హెయిరీ ల్యూకోప్లేకియా: నాలుక పక్కల మీద ముడతలు ముడతలుగా తెల్లని చారలు వస్తాయి. నొప్పి ఉండదు, గీకినా ఊడవు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ దీనికి కారణం. 1984లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు దీన్ని మొదటిసారి వివరించారు. ఇది క్యాన్సర్‌గా మారదు. కానీ ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గిందని చెప్పే గుర్తు ఇది.

ఇంకొన్ని: సైటోమెగలో వైరస్ వల్ల లోతైన పుండు పడొచ్చు. హెచ్‌పీవీ వల్ల పులిపిర్ల లాంటి చిన్న బుడిపెలు వస్తాయి. అంగిలి మీద ఊదా రంగు మచ్చ కనిపిస్తే అది కపోసి సార్కోమా అనే క్యాన్సర్ కావచ్చు.

తెల్లగా ఉన్నదల్లా వైరస్ కాదు

పెరుగు మీగడలా ఉండి, తుడిస్తే ఊడి వచ్చే తెల్లపూత సాధారణంగా క్యాండిడా అనే ఫంగస్. దానికి మందులు వేరు. గుట్కా, జర్దా నమిలేవారికి బుగ్గ లోపల వచ్చే తెల్లమచ్చ క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. కంటితో చూసి ఇంట్లోనే తేల్చుకునే విషయం కాదిది. అవసరమైతే డాక్టర్ పుండు నుంచి నమూనా తీసి పరీక్షకు పంపుతారు.

చికిత్సలో చేయకూడని తప్పులు

హెర్పిస్‌కు, సర్పికి ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ వంటి మందులున్నాయి. కిడ్నీ జబ్బు ఉంటే డోసు తగ్గించాలి కాబట్టి సొంతంగా కొని వేసుకోవద్దు. నోటి పూతకని అమ్మే జెల్స్ కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వైరస్ పుండు మీద అది రాస్తే పుండు ఇంకా ముదరొచ్చు. అవయవ మార్పిడి జరిగినవారు నోరు పూసిందని రోజూ వేసుకునే మందులు మానేయకూడదు.

ఇంట్లో ఏం చేయాలి?

మెత్తని, చల్లని, కారం లేని ఆహారం పెట్టాలి. నీళ్లు ఎక్కువగా తాగించాలి. మెత్తని బ్రష్‌తో పళ్లు తోమాలి. హెర్పిస్ పుండ్లు మానేదాకా గ్లాసు, చెంచా, టవల్, మిస్వాక్ వేరుగా ఉంచాలి. ఒకే పళ్లెంలో కలిసి తినడం, పసిపిల్లలను ముద్దాడడం అప్పటిదాకా మానుకోవాలి. ఇది వెలివేయడం కాదు, కొద్దిరోజుల జాగ్రత్త మాత్రమే. హెచ్‌ఐవీ అయితే కలిసి తింటే అంటుకోదు.

పుండు రెండు వారాలకూ మానకపోతే డాక్టర్‌కు చూపించాలి. జ్వరం వచ్చినా, మింగలేకపోయినా, కంటి దగ్గర పొక్కులు లేచినా అంతవరకూ ఆగకుండా ఆ రోజే వెళ్లాలి. కీమో తీసుకుంటున్నవారికి జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

నలుగురూ ఏమనుకుంటారోనని చాలామంది హెచ్‌ఐవీ పరీక్షకు వెనకాడతారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. 2017 నాటి చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాలి. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయొచ్చు. మందులు సరిగ్గా వాడితే రోగనిరోధక శక్తి మళ్లీ పెరుగుతుంది, నాలుక మీది ఆ తెల్లచారలు కూడా చాలామందిలో వాటంతట అవే పోతాయి.